హెచ్చరిక పోస్టు రాసేవాళ్లకి: చదివినవాళ్లు లేచి కదలాలంటే

"భారీ వర్షాల దృష్ట్యా ప్రజలందరూ అప్రమత్తంగా ఉండాలని, లోతట్టు ప్రాంతాల వారు సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లాలని మనవి." ఈ వాక్యాన్ని మీరు ఎన్నిసార్లు చూశారో లెక్కే ఉండదు. నేనూ ఇలాంటివి చాలా రాశాను. ఇప్పుడు దీన్నే రాత్రి మంచం మీద పడుకుని ఫోన్ చూస్తున్న మనిషిలా ఒకసారి చదవండి. అప్రమత్తంగా ఉండటం అంటే లేచి ఏం చేయాలి? మా ఇల్లు లోతట్టులో ఉన్నట్టా, లేనట్టా? సురక్షిత ప్రాంతం అంటే ఎక్కడ? ఇప్పుడే బయల్దేరాలా, తెల్లారాక వెళ్లినా సరిపోతుందా? ఒక్కదానికీ జవాబు లేదు కాబట్టి ఆ మనిషి వేలితో పైకి తోసేసి తర్వాతి వీడియో చూస్తాడు. తప్పు అతనిది కాదు, రాసినవాళ్లది.

ఆరోగ్య శాఖ పేజీ నడిపేవాళ్లు, విపత్తు కార్యాలయంలో పోస్టులు పెట్టేవాళ్లు, వలంటీర్లు, వందల మంది ఉన్న వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌గా ఉన్నవాళ్లు, ఎవరైనా సరే, వరదో అంటువ్యాధో గ్యాస్ లీకో వచ్చినప్పుడు నలుగురికి చెప్పాల్సిన బాధ్యత మీ మీద పడితే ఇది మీకోసమే. ఇందులో చాలా విషయాలున్నాయి కానీ నేను ప్రతి పోస్టుకీ పెట్టుకునే పరీక్ష ఒక్కటే: ఇది చదివిన మనిషి వచ్చే పది నిమిషాల్లో ఏం చేయాలో పక్కవాళ్లకి చెప్పగలడా? చెప్పలేడు అనిపిస్తే ఆ పోస్టు ఇంకా పూర్తి కాలేదు.

ముందుగా తాళంచెవుల సంగతి

రాయడం కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. పేజీ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంది? ఆ ఒక్క మనిషి ప్రయాణంలో ఉంటే? రెండో దశ ధ్రువీకరణ కోడ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది, ఆ ఫోన్ చార్జింగ్ అయిపోతే?

2018 జనవరి 13 ఉదయం 8:07కి అమెరికాలోని హవాయి రాష్ట్రంలో జనం ఫోన్లకి బాలిస్టిక్ క్షిపణి వస్తోంది, వెంటనే తలదాచుకోండి, ఇది డ్రిల్ కాదు అని హెచ్చరిక వెళ్లింది. అది పొరపాటున వెళ్లిన మెసేజ్. దాన్ని సరిదిద్దుతూ ఫోన్లకి రెండో మెసేజ్ వెళ్లేసరికి 38 నిమిషాలు గడిచాయి. ఇది తప్పుడు హెచ్చరిక అని గవర్నర్ డేవిడ్ ఇగేకి రెండు నిమిషాల్లోనే చెప్పారు, కానీ ఆయన ట్విట్టర్‌లో ఆ మాట పెట్టడానికి ఇంకో పావుగంట పట్టింది. లాగిన్, పాస్‌వర్డ్ తనకి తెలియకపోవడం వల్ల ఆలస్యమైందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు. అంతసేపూ తల్లిదండ్రులు పిల్లల్ని బాత్‌టబ్బుల్లో దాచిపెట్టి బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

అందుకని కనీసం ముగ్గురికి లాగిన్ ఉండాలి, వాళ్లు ముగ్గురూ ఒకే చోట ఉండేవాళ్లు కాకూడదు. పోస్టు పెట్టే ముందు ఎవరు సరే అనాలో ఒక్క పేరు రాసుకోండి, ఆ మనిషి ఫోన్ ఎత్తకపోతే ఎవరో ఇంకో పేరు, పది నిమిషాలు దాటితే ఎవరినీ అడగకుండా పెట్టేయొచ్చు అన్న అనుమతి ముందే కాగితం మీద తీసుకోండి. ఈ చివరిది దొరకడం కష్టమని నాకు తెలుసు, పై అధికారులకి ఇష్టం ఉండదు, అయినా పట్టుబట్టి అడగండి. వరద వచ్చాక ఐదుగురి సంతకాల కోసం ఫైలు తిరుగుతుంటే అప్పటికే ఎవరో ఒకరు గ్రూపుల్లో ఏదో ఒకటి రాసేసి ఉంటారు, జనం దాన్నే పట్టుకుంటారు.

వరద, వడగాడ్పు, భూకంపం, తాగునీటి కాలుష్యం, రసాయన లీకు, అంటువ్యాధి, ఇలా మీ దగ్గర వచ్చే అవకాశం ఉన్నవాటికి ఒక్కోదానికి నమూనా పోస్టు ముందే రాసి పెట్టుకోండి, చోటు, సమయం దగ్గర ఖాళీలు వదిలేసి. పొరపాటున హెచ్చరిక వెళ్తే పెట్టాల్సిన సవరణ పోస్టుకి కూడా నమూనా ఉండాలి. హవాయిలో ఆ రోజు లేనిది సరిగ్గా అదే.

అలాగే మామూలు రోజుల్లో కూడా పేజీ బతికి ఉండాలి. ఏడాదంతా ప్రముఖుల జయంతి శుభాకాంక్షలు, ప్రారంభోత్సవాల ఫొటోలు పెట్టి, ఒక్కసారిగా పారిపోండి అంటే జనానికి ఆ పేజీ గొంతే తెలియదు. వారానికి రెండుసార్లు పనికొచ్చే చిన్న విషయం ఏదైనా పెడుతుంటే, కామెంట్లలో అడిగినవాటికి జవాబిస్తుంటే, అవసరం వచ్చిన రోజు మీ మాట చెల్లుతుంది.

పోస్టులో ఉండాల్సిన ఐదు

అమెరికా పరిశోధకులు డెనిస్ మిలేటి, జాన్ సోరెన్‌సెన్ 1990లోనే చాలా విపత్తుల అనుభవాల్ని కలిపి చూసి హెచ్చరికలో ఏముండాలో తేల్చారు: ఎవరు చెబుతున్నారు, ఏం ప్రమాదం, ఎక్కడ, ఎప్పుడు, ఏం చేయాలి. ఇది చదివితే ఇంతేనా అనిపిస్తుంది. ఇప్పుడు మీ పేజీలో ఉన్న పాత హెచ్చరికలు పది తీసి ఈ ఐదూ ఉన్నాయేమో చూడండి. నేను చూసినప్పుడు ఎక్కువగా లోపించింది "ఎక్కడ", "ఎప్పుడు".

మొదట్లో రాసిన ఆ వాక్యాన్ని ఇలా మార్చి చూద్దాం.

"విపత్తు నిర్వహణ కార్యాలయం. అక్టోబరు 14, మంగళవారం, సాయంత్రం 5:30. ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తారు. ఈ మంగళవారం రాత్రి 9 గంటలకల్లా పాత వంతెనకి తూర్పున ఉన్న 3, 4, 5 వీధుల్లోకి నడుం లోతు నీళ్లు రావచ్చు. ఆ మూడు వీధుల వాళ్లు 8 లోపు హైస్కూల్ భవనానికి వెళ్లండి. రోజూ వాడే మందులు, చార్జర్, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. పశువుల కట్లు విప్పేయండి. నీళ్లు పారుతున్న రోడ్డు మీద బండి నడపకండి. మళ్లీ 7 గంటలకి ఇక్కడే చెబుతాం."

ఇది పొడుగైపోయింది అంటారు కొందరు. చిన్నగా ఉంటేనే చదువుతారన్న నమ్మకం చాలామందిలో ఉంది, నాకూ ఉండేది. అమెరికాలో ఫోన్లకి వెళ్లే అత్యవసర మెసేజ్‌లకి మొదట 90 అక్షరాల పరిమితి ఉండేది, 2019 డిసెంబరులో దాన్ని 360కి పెంచారు. కారణం, 90 అక్షరాల్లో ఎక్కడో, ఏం చేయాలో చెప్పడానికి చోటు చాలడం లేదు, అర్థం కాని జనం కదలడానికి బదులు ఇంకో చోట వెతుక్కుంటున్నారు. కాబట్టి ఈ ఐదింటిలో దేన్నీ కత్తిరించకండి. కత్తిరించాల్సింది ముందు వచ్చే "గౌరవనీయులైన ఫలానా వారి ఆదేశాల మేరకు" లాంటివి, వాటి మీద ఏ దయా చూపనక్కర్లేదు.

ఇంకో సంగతి. హెచ్చరిక చూడగానే ఎవరూ లేచి పరిగెత్తరు. ముందు కిటికీ లోంచి చూస్తారు, పక్కింటివాళ్లని అడుగుతారు, అక్కకి ఫోన్ చేస్తారు, ఇంకో గ్రూపులో ఏమంటున్నారో చూస్తారు. ఇది మొండితనం కాదు, మనిషి సహజ స్వభావం, రెండు మూడు వైపుల నుంచి అదే మాట వినిపిస్తేనే నమ్మకం కుదురుతుంది. కాబట్టి ఆరోగ్య శాఖ పేజీ ఒకటి, పోలీసు పేజీ ఒకటి, కార్పొరేషన్ పేజీ ఇంకొకటి చెప్పకుండా, ముగ్గురూ ఒకే పోస్టుని ఒకే మాటలతో పెట్టేలా ముందే ఒప్పందం చేసుకోండి. మూడింటిలో ఒకచోట 8 గంటలు అని, ఇంకోచోట 8:30 అని ఉంటే చాలు, జనం ఆగిపోతారు.

"ఈరోజు", "రేపు" అని రాయకండి

దీనికి వేరే శీర్షిక ఎందుకంటే దీంతో నేను దెబ్బతిన్నాను. ఒకసారి తాగునీటి పైపులైన్‌లోకి మురుగు కలిసిందని తెలిసి, "ఈరోజు, రేపు కుళాయి నీళ్లు తాగకండి" అని అందమైన కార్డు తయారుచేసి పెట్టాం. తేదీ పోస్టు మీద ఎలాగూ వస్తుంది కదా అనుకున్నాం. ఆ బొమ్మని జనం దించుకుని గ్రూపుల్లో పంచుకున్నారు, మంచిదే, మనకి కావాల్సిందీ అదే. కానీ రెండు నెలల తర్వాత ఆ కార్డు మళ్లీ ఎక్కడి నుంచో తేలింది, మళ్లీ ఒక రోజంతా జనం భయపడ్డారు, మేం కాదు కాదు అని చెబుతుంటే ఏది నిజమో తెలియక విసుక్కున్నారు. వాళ్ల విసుగులోనూ న్యాయం ఉంది, ఆ కార్డులో ఇది పాతది అని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు.

సోషల్ మీడియాలో పోస్టులు పెట్టిన వరసలో కనిపించవు. సోమవారం పెట్టింది కొందరికి బుధవారం కనిపిస్తుంది, అదీ మంగళవారం పోస్టు కంటే పైన. అందుకే తేదీ, వారం, గంట, మూడూ బొమ్మ లోపలే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎప్పటివరకు వర్తిస్తుందో కూడా. ప్రమాదం తీరాక పాత పోస్టుని చెరిపేయకుండా, దాని మొదటి వరుసలో "ఇది అక్టోబరు 16 మధ్యాహ్నం 12కి ముగిసింది" అని చేర్చండి. చెరిపేస్తే, దాన్ని చూసి పంచుకున్నవాళ్లు ఏదో దాస్తున్నారు అనుకుంటారు.

మాటల దగ్గర ఆగండి

2013 నవంబరు 8న ఫిలిప్పీన్స్‌ని హైయన్ తుఫాను కొట్టింది, ఆరు వేలమందికి పైగా చనిపోయారు, టక్లోబాన్ నగరంలో ఎక్కువమందిని చంపింది గాలి కాదు, సముద్రం ఊరి మీదికి రావడం. హెచ్చరికలు లేక కాదు. వాటిలో "స్టార్మ్ సర్జ్" అని ఉంది. ఆ మాట అక్కడ చాలామందికి అర్థం కాలేదు. సునామీ అని చెప్పి ఉంటే పరిగెత్తేవాళ్లం అని బతికినవాళ్లు తర్వాత చెప్పారు. వాతావరణ శాస్త్రం ప్రకారం రెండూ వేరు, సునామీ అనడం తప్పే. కానీ సరైన మాట వాడాం కదా అని ఊరుకుంటే మనుషులు మిగలరు. రెండింటి మధ్య ఒక దారి ఉంది, మాటకి బదులు కంటికి కనబడేది చెప్పడం: సముద్రం నీళ్లు ఇళ్ల మీదికి వస్తాయి, మొదటి అంతస్తు కప్పు దాకా మునగొచ్చు, మేడ మీద ఉన్నా చాలదు, ఊరు వదిలి వెళ్లాలి. మన భాషలో దీనికి ఉప్పెన అన్న మాట ఉంది, తరాలుగా భయాన్ని మోస్తున్న మాట అది, దాన్ని వదిలేసి ఇంగ్లీషు మాటని తెలుగు లిపిలో పెట్టాల్సిన పనే లేదు.

ఇలాంటి మాటలు మనం రోజూ వాడేస్తుంటాం. క్వారంటైన్, లక్షణరహిత, సంక్రమణ, అల్పపీడన ద్రోణి. ఒక్కోదాని పక్కన ఆగి, ఇది మా అమ్మకి ఫోన్‌లో చెప్పాల్సి వస్తే ఎలా చెబుతాను అని మిమ్మల్ని మీరే అడగండి. "వాయుగుండం తీవ్ర వాయుగుండంగా బలపడింది" అంటే ఆమెకి ఏమీ అందదు, "గాలి రేకులు లేపేంత గట్టిగా వీస్తుంది" అంటే లేచి వెళ్లి రేకుల మీద ఏదో బరువు పెట్టుకుంటుంది.

సూచనల్లో అలవాటుగా దొర్లే మాటలు ఇంకా ప్రమాదం. "నీళ్లు కాచి తాగండి" తీసుకోండి. క్రిములు కలిస్తే అది సరైన సలహా, నీళ్లు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం పాటు తెర్లనివ్వాలి, చాలా ఎత్తైన కొండ ప్రాంతాల్లో మూడు నిమిషాలు. కానీ 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో నీళ్లలో కలిసింది క్రిములు కాదు, ఈరీ సరస్సులో పెరిగిన నాచులాంటి బాక్టీరియా వదిలిన విషం. కాస్తే నీళ్లు ఆవిరై విషం ఇంకా చిక్కబడుతుంది. అక్కడ అధికారులు తాగకండి అని మాత్రమే చెబితే సరిపోయేది కాదు, జనం అలవాటు కొద్దీ కాచుకుని తాగేవాళ్లు, అందుకే కాచకండి అని విడిగా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మీరు చెప్పని చోట జనం తమ పాత అలవాటుతో నింపుకుంటారు, ఆ అలవాటు ఏమిటో ముందే ఊహించి దాని మీద ఒక వాక్యం రాయండి.

అంకెలు

అంకెలు నిజమే అయినా మనుషుల్ని తప్పుదారి పట్టించగలవు. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో ఒక హెచ్చరిక వచ్చింది, కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని. రెట్టింపు అనగానే ఎంతోమంది ఆడవాళ్లు మాత్రలు ఆపేశారు. అసలు సంగతి, 7,000 మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి రావడం. ఆ తర్వాతి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో అబార్షన్లు దాదాపు 13,000 పెరిగాయని అంచనా. గర్భం వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్రల కంటే ఎక్కువ కూడాను.

కాబట్టి రెట్టింపు, యాభై శాతం పెరిగింది, మూడింతలు, ఇలాంటివి ఒంటరిగా వాడకండి. ఎంతమందిలో ఎంతమందికి అన్నది చెప్పండి, రెండు అంకెల కిందా ఒకే సంఖ్య పెట్టి పోల్చండి. "వందేళ్లకోసారి వచ్చే వరద" కూడా ఇలాంటిదే. పోయినేడు వచ్చింది కాబట్టి ఇంకో తొంభై తొమ్మిదేళ్లు నిశ్చింత అనుకుంటారు వినేవాళ్లు. దాని అర్థం ఏ ఏడాదైనా నూటికి ఒక పాలు అవకాశం అని, ముప్పై ఏళ్లు అదే ఇంట్లో ఉంటే కనీసం ఒక్కసారైనా చూసే అవకాశం నూటికి దాదాపు 26. ఆ రెండో అంకె చెప్పండి, ఇల్లు కట్టుకున్నవాళ్లకి వెంటనే ఎక్కుతుంది.

తెలియనిది తెలియదని చెప్పడం

అన్నిటికంటే కష్టమైంది ఇదే. మనం జనం భయపడకూడదని కోరుకుంటాం, పై నుంచి కూడా భయపెట్టొద్దు అనే చెబుతారు, దాంతో "ఆందోళన చెందాల్సిన అవసరం లేదు" అని రాసేస్తాం.

ఇటలీలోని లాక్విలా దగ్గర 2009లో నెలల తరబడి చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. జనం కంగారు పడుతుంటే పౌర రక్షణ శాఖ అధికారి ఒకరు టీవీలో, శక్తి కొద్దికొద్దిగా బయటికి పోతోంది కాబట్టి ఇది మంచిదే అన్న అర్థంలో మాట్లాడారు. ఏప్రిల్ 6 తెల్లవారుజామున పెద్ద భూకంపం వచ్చి 309 మంది చనిపోయారు. అంతకుముందు ప్రకంపన రాగానే రాత్రంతా బయట గడిపే అలవాటున్న కుటుంబాలు, ఆ ధైర్యపు మాట విని ఇళ్లలోనే పడుకున్నాయని బంధువులు కోర్టులో చెప్పారు. ఆ కేసులో ఆ అధికారితో పాటు శాస్త్రవేత్తలకి కూడా శిక్ష పడింది. శాస్త్రవేత్తల శిక్షని తర్వాత పై కోర్టు కొట్టేసింది, ఆ అధికారి శిక్షని మాత్రం తగ్గించి ఉంచింది. భూకంపాన్ని ముందే చెప్పడం ఎవరివల్లా కాదు, ఆయన వల్ల కూడా కాదు. చెప్పకూడనిది ఆయన ఇచ్చిన భరోసా.

2020 మొదట్లో మాస్కుల విషయం గుర్తుందా? మామూలు జనానికి మాస్కు అక్కర్లేదని మొదట చాలా దేశాల ఆరోగ్య సంస్థలు చెప్పాయి. ఏప్రిల్ 3న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ బట్ట మాస్కు కట్టుకోమంది, జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సలహా మార్చింది. కొత్త సాక్ష్యం వస్తే సలహా మారడంలో తప్పు లేదు, మారాల్సిందే. కానీ మొదటిసారి చెప్పినప్పుడే "ఇప్పటికి మాకు తెలిసినంతవరకు ఇది, మాస్కులు తక్కువగా ఉన్నాయి కాబట్టి ముందు ఆస్పత్రి సిబ్బందికి కావాలి, ఇంకా తెలుసుకుంటున్నాం, మారితే చెబుతాం" అని స్పష్టంగా చెప్పి ఉంటే, మారినప్పుడు మాట తప్పారు అనే కోపం అంత వచ్చేది కాదు.

నేను వాడే పద్ధతి నాలుగు వాక్యాలు. మాకు తెలిసింది ఇది. మాకు ఇంకా తెలియనిది ఇది. తెలుసుకోవడానికి ఇది చేస్తున్నాం. మళ్లీ ఫలానా గంటకి చెబుతాం. ఆ గంటకి కొత్త సంగతేమీ లేకపోయినా వచ్చి "కొత్తగా ఏమీ తెలియలేదు, తర్వాత 9 గంటలకి" అని పెట్టండి. చెప్పిన గంటకి రావడమే సగం నమ్మకం తెస్తుంది. గంట దాటి పావుగంట మౌనంగా ఉన్నా కామెంట్లలో టెన్షన్ మొదలవుతుంది, అది నేను చాలాసార్లు కళ్లారా చూశాను.

భయం గురించి కూడా ఒక మాట. భయం దానంతట అది చెడ్డది కాదు, భయపడాల్సిన చోట భయపడితేనే కదులుతారు. చెడ్డది, భయపెట్టి ఏం చేయాలో చెప్పకుండా వదిలేయడం. ప్రమాదం పెద్దది, నా చేతిలో ఏమీ లేదు అనిపిస్తే మనిషి మనసు ఆ సంగతినే పక్కకి నెట్టేస్తుంది, అంతా దేవుడి దయ అనో, ఇవన్నీ ఎప్పుడూ చెప్పేవే అనో. కిమ్ విట్టే అనే పరిశోధకురాలు 1992లో ఇదే విషయాన్ని సిద్ధాంతంగా చెప్పారు. శవాల ఫొటోలు, కూలిన ఇళ్ల ఫొటోలు పెట్టే ముందు ఇది ఆలోచించండి. ఆ ఫొటో కింద చేయగలిగిన పని ఒక్కటైనా లేకపోతే దాన్ని పెట్టడం వల్ల ఉపయోగం లేదు, పోయినవాళ్ల మనుషులకి బాధ తప్ప.

పుకారు వచ్చినప్పుడు

ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన దాదాపు 1,26,000 వార్తల్ని అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రచురించారు, అబద్ధపు వార్తని పంచుకునే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ. అది కొత్తగా ఉంటుంది, గుండె ఝల్లుమనిపిస్తుంది, అందుకే. దీని ఫలితం ఎంత దాకా పోతుందంటే, 2014లో నైజీరియాలో ఎబోలా రాకుండా ఉప్పునీళ్లు తాగాలని మెసేజ్‌లు తిరిగి, అలా తాగినవాళ్లలో ఇద్దరు చనిపోయినట్టు వార్తలొచ్చాయి. 2020లో ఇరాన్‌లో కరోనాకి మందు అని నమ్మి విషమైన మిథనాల్ కలిసిన మద్యం తాగి వందలమంది పోయారు.

అయినా ప్రతి పుకారుకీ జవాబివ్వకండి. పదిమంది చూసినదాన్ని మీరు ఖండిస్తే పదివేలమందికి మీరే పరిచయం చేసినట్టవుతుంది. నేను చూసేవి రెండే: దీన్ని నమ్మితే మనిషికి హాని జరుగుతుందా, ఇది ఒక గ్రూపు దాటి బయటికి వచ్చిందా. రెండూ అవును అయితేనే కదులుతాను.

కదిలినప్పుడు ఆ పుకారుని శీర్షికలో పెట్టకూడదు. "ఉప్పునీళ్లు తాగితే ఎబోలా రాదు అన్నది అబద్ధం" అని మొదలుపెడితే, సగం చదివి వదిలేసేవాళ్లకి ఉప్పునీళ్లు, ఎబోలా, రాదు, ఈ మూడే మిగులుతాయి. "ఎక్కువ ఉప్పునీళ్లు తాగితే ప్రాణం పోతుంది" అని నిజంతో మొదలుపెట్టండి, మధ్యలో ఒక్కసారి పుకారు తిరుగుతోందని చెప్పి అది ఎందుకు తప్పో చెప్పండి, చివర మళ్లీ ఏం చేయాలో చెప్పి ముగించండి. పుకారు స్క్రీన్‌షాట్ మీద ఎర్రటి ఇంటూ గుర్తు పెట్టి వేయడం అందరూ చేస్తారు, నాకు అది నచ్చదు, ఎందుకంటే ఆ ఇంటూ గుర్తుని కత్తిరించి మళ్లీ పంపడం ఎంతసేపు?

పాత ఫొటోలు కూడా వస్తాయి. 2016లో జపాన్‌లోని కుమమోటో భూకంపం రాత్రి, జూ లోంచి సింహం తప్పించుకుందని ఫొటోతో ఒకరు పెట్టారు, ఆ ఫొటో వేరే దేశంలో తీసింది, పెట్టినతన్ని తర్వాత అరెస్టు చేశారు. ఆ రాత్రి ఇళ్లలోంచి బయటికి రావాల్సిన జనానికి వీధిలో సింహం ఉందంటే ఏమవుతుందో ఊహించండి. ఫొటో వెతికి చూడటం మీ బృందంలో ఒకరికైనా నేర్పండి, ఐదు నిమిషాల పని.

నమ్మినవాళ్లని మాత్రం వెక్కిరించకండి. మూర్ఖులు, చదువు లేనివాళ్లు అన్న మాట పేజీ నుంచి ఒక్కసారి వచ్చినా వాళ్లు మళ్లీ మీ వైపు చూడరు, వాళ్లు పుకారు పంపింది కూడా తమవాళ్ల మీద ప్రేమతోనే. అలాగే రోగాన్ని ఒక ఊరికో, మతానికో, పనిచేసేవాళ్లకో అంటగట్టే మాట పోస్టులో గానీ, మీరు వదిలేసిన కామెంట్లలో గానీ ఉండకూడదు. కొత్త రోగాలకి ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు, జంతువుల పేర్లు పెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. నింద పడుతుందన్న భయం ఉంటే రోగి దాక్కుంటాడు, పరీక్షకి రాడు.

అందరికీ అందేలా

చదవలేనివాళ్లు, చూడలేనివాళ్లు, సిగ్నల్ సరిగా లేనివాళ్లు, ప్రమాదం ఎక్కువగా ఉన్నది వీళ్లకే, మన పోస్టులు ఎక్కువగా అందనిదీ వీళ్లకే. సంతకం పెట్టిన ఉత్తర్వు కాగితాన్ని స్కాన్ చేసి పెట్టడం మానేయండి, తెరని చదివి వినిపించే యాప్‌లకి అది ఖాళీ కాగితంతో సమానం. బొమ్మ పెడితే అందులోని మాటలన్నీ కింద అక్షరాల్లో కూడా ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగులతోనే తేడా చూపిస్తే ఆ రంగులు వేరుచేసి చూడలేనివాళ్లకి అర్థం కాదు, రంగు మీద "ఖాళీ చేయాలి", "ఉండొచ్చు" అని రాయండి. వీడియో బరువుగా ఉంటే సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట తెరుచుకోదు, నాలుగు వాక్యాల అక్షరాలు మాత్రం వెళ్తాయి.

వాట్సాప్‌కి నా సలహా నలభై సెకన్ల వాయిస్ మెసేజ్. మొదటి వాక్యంలోనే మాట్లాడేవాళ్ల పేరు, హోదా, తేదీ, గంట చెప్పాలి, లేకపోతే అది కూడా ఎవరిదో తెలియని ఫార్వర్డ్ అయిపోతుంది. గొంతుల్ని కూడా నకిలీ చేస్తున్న రోజులివి కాబట్టి "ఇదే విషయం మా పేజీలో కూడా రాసి ఉంది" అని చివర చెప్పండి. 2020 ఏప్రిల్ నుంచి బాగా తిరిగిన మెసేజ్‌ని వాట్సాప్ ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది, అంటే మీ మంచి మెసేజ్ కూడా ఒక దశలో నెమ్మదిస్తుంది. అందుకే గ్రూపు అడ్మిన్ల జాబితా ఒకటి ముందే తయారుచేసుకుని వాళ్లకి మీరే నేరుగా పంపాలి.

కామెంట్లలో సాయం అడిగితే

అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. మేడ మీద ఉన్నాం, మా నాన్నకి ఆక్సిజన్ అయిపోతోంది అని మీ పోస్టు కింద రాస్తారు. రాత్రి రెండింటికి ఆ కామెంట్ చూసేవాళ్లు ఉన్నారా? ఉంటే, ఆ సమాచారం రక్షక బృందానికి ఎలా చేరుతుందో రాసి పెట్టుకోండి. లేకపోతే పేజీ పైన పిన్ చేసిన పోస్టులో నిజాయతీగా చెప్పండి, ఇక్కడ రాసే వినతుల్ని మేం చూడలేకపోవచ్చు, సాయం కావాలంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. చూస్తారన్న ఆశతో ఎదురుచూసేలా చేయడం కంటే ఘోరం ఇంకొకటి లేదు. చిరునామా, ఫోన్ నంబరు బహిరంగంగా రాస్తే ఇన్‌బాక్స్‌లోకి తీసుకుని ఆ కామెంట్ దాచేయండి. 2024 జనవరి 1న జపాన్‌లో నోటో భూకంపం తర్వాత ఎక్స్‌లో (పాత ట్విట్టర్) దొంగ రక్షణ వినతులు చాలా వచ్చాయి, అందుకని తిరిగి ఫోన్ చేసి నిర్ధారించుకోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

మీరే తప్పు చెబితే

తప్పు తెలిసిన నిమిషంలోనే చెప్పండి, మొదటి వాక్యంలోనే. "సాయంత్రం 5:30కి మేం పెట్టిన పోస్టులో తప్పుంది. 6వ వీధి వాళ్లు కూడా వెళ్లాలి." క్షమాపణ తర్వాత, వివరణ ఇంకా తర్వాత, సరైన సూచన ముందు. ఏయే చోట్ల తప్పు పెట్టారో అన్ని చోట్లా సవరణ పెట్టాలి, వాట్సాప్ అడ్మిన్లకి కూడా మళ్లీ పంపాలి.

నీళ్లు తగ్గాక

చాలా పేజీలు ఇక్కడ ఆగిపోతాయి. గాలి తగ్గగానే సహాయ శిబిరాల్లో ప్రముఖుల ఫొటోలు మొదలవుతాయి. కానీ తుఫాను వెళ్లాక తెగిపడిన కరెంటు తీగల వల్ల, ఇంటి లోపల పెట్టిన జనరేటర్ పొగ వల్ల, మురుగు కలిసిన నీళ్ల వల్ల పోయే ప్రాణాలు ఉంటాయి. జనరేటర్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలుపులు వేసి పడుకున్న కుటుంబం నిద్రలోనే పోతుంది. కాబట్టి మొదటి హెచ్చరిక రాసిన రోజే ఈ పోస్టులు కూడా రాసి సిద్ధంగా ఉంచండి: ఇంటికి తిరిగి వెళ్లే ముందు మెయిన్ స్విచ్ సంగతి, జనరేటర్ ఆరుబయట కిటికీలకి దూరంగా పెట్టడం, పాముల సంగతి, బావి నీళ్లు ఎప్పటినుంచి వాడొచ్చో, ఏ ఆస్పత్రి తెరిచి ఉందో.

అంతా సద్దుమణిగాక, ఓ వారానికి, ఆ మూడు వీధుల్లోకి వెళ్లి ఐదారుగురిని కూర్చోబెట్టి అడగండి. మా పోస్టు చూశారా, ఎన్ని గంటలకి చూశారు, చూశాక మొదట ఏం చేశారు, ఎవరికి ఫోన్ చేశారు, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు. లైకులు, షేర్ల లెక్క ఇవేవీ చెప్పదు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకుని, నమూనా పోస్టు తీసి అక్కడికక్కడే దిద్దేయండి.